ఎక్స్ 9 ఊరుకుంది, ఎక్స్ 1.8 దుమారం లేపింది: సూర్యుడి మీద పాఠకుల ప్రశ్నలు

"సౌర తుపాను దూసుకొస్తోంది" అనే వార్త ఎక్కడ కనిపించినా ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, పొడవైనవి కుదించాను. కొన్నిటికి పేజీ పట్టింది, కొన్నిటికి రెండు వాక్యాలు చాలాయి.

ప్రశ్న: 2024 అక్టోబరు 3న ఎక్స్ 9 సౌర జ్వాల వచ్చిందని, ఆ సౌర చక్రంలో అప్పటిదాకా అదే పెద్దదని చదివి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. పెద్దగా ఏమీ కాలేదు. వారం తిరక్కుండా 9వ తేదీన ఎక్స్ 1.8 అని ఒక చిన్నది వస్తే, మర్నాడు పెద్ద తుపాను వచ్చింది. మరి ఆ నెంబర్లకి అర్థం ఏమున్నట్టు?

అర్థం ఉంది, మీరనుకున్న అర్థం కాదంతే. ఎక్స్ 9 అనేది సౌర జ్వాల, అంటే ఫ్లేర్, ఎక్స్-రే కాంతిలో ఎంత ప్రకాశంగా వెలిగిందో చెప్పే కొలత. గోస్ అనే అమెరికా వాతావరణ ఉపగ్రహాలు దీన్ని రాత్రీపగలూ కొలుస్తూనే ఉంటాయి. ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని తరగతులు, ఒక్కో మెట్టుకి పది రెట్లు. ఎక్స్ పైన ఇక అక్షరం లేదు, అక్కణ్నుంచి నెంబరు పెరుగుతూ పోవడమే. 2003 నవంబరు 4న వచ్చినదాన్ని కొలవబోయి పరికరమే చేతులెత్తేసింది, ఎక్స్ 28 అని అంచనా వేసి రాసుకున్నారు, తర్వాత వేరే దారిలో లెక్క కట్టినవాళ్లు ఎక్స్ 45 దాకా ఉండొచ్చన్నారు.

ఈ కాంతి మన దగ్గరికి 8 నిమిషాల చిల్లరలో వచ్చేస్తుంది. అంటే మీరు వార్త చదివేసరికే అది చేయాల్సింది చేసేసి ఉంటుంది. ఏం చేస్తుంది? పగలు ఉన్న వైపు అయనావరణాన్ని, అంటే వాతావరణం పైభాగాన విద్యుదావేశం ఉన్న పొరని, కుదిపి, షార్ట్‌వేవ్ రేడియోని కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల దాకా మూగబోయేలా చేస్తుంది. అంతకుమించి ఆ కాంతితో నేల మీద మనకి వచ్చే ఇబ్బంది దాదాపు లేదు.

తుపాను, అంటే భూమి అయస్కాంత క్షేత్రం అల్లాడిపోవడం, తెచ్చేది వేరే ఉంది. కరోనల్ మాస్ ఎజెక్షన్, పొట్టిగా సీఎంఈ. ఇది వెలుతురు కాదు, సరుకు. వంద కోట్ల టన్నుల స్థాయిలో ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న వేడి వాయువు, దానితో చుట్టుకుపోయిన అయస్కాంత క్షేత్రం, రెండూ కలిసి సూర్యుడి నుంచి ఊడి బయల్దేరతాయి. జ్వాలా ఇదీ చాలాసార్లు జంటగానే వస్తాయి, కానీ రావాలని రూలేం లేదు. మెరుపు మెరిసింది కదా అని మన వాకిట్లోనే వాన పడాలని ఎక్కడుంది? 2014 అక్టోబరులో 12192 అనే నెంబరున్న సూర్యమచ్చల గుంపు కనిపించింది, పాతికేళ్లలో అంత పెద్దది లేదు. ఆరు ఎక్స్ తరగతి జ్వాలలు విసిరింది. వాటితో చెప్పుకోదగ్గ సీఎంఈ ఒక్కటీ రాలేదు! పైన ఉన్న బలమైన అయస్కాంత క్షేత్రం మూతలా నొక్కిపెట్టేసింది, లోపల ఎంత ఉడికినా బయటికి పొంగలేదు.

కాబట్టి వార్తలో ఎక్స్ నెంబరు చూస్తే అడగాల్సింది "ఎంత పెద్దది" అని కాదు. "దాంతో సీఎంఈ వచ్చిందా, వస్తే ఎటు పోతోంది" అని. అక్టోబరు 3 నాటిది తన పేరుకి తగ్గ తుపాను తేలేదు. 9 నాటిది సూటిగా మనవైపే వచ్చింది, పైగా దాని అయస్కాంత క్షేత్రం మనకి సరిపడని వైపు తిరిగి ఉంది. ఈ "సరిపడని వైపు" సంగతి కింద ఇంకో ప్రశ్నలో వస్తుంది, అసలు కథంతా అక్కడే ఉంది.

ప్రశ్న: సూర్యుణ్ని నేరుగా చూడలేం కదా. మరి అక్కణ్నుంచి ఏదో ఊడిపడితే వీళ్లకి ఎలా కనిపిస్తుంది?

సూర్యుణ్ని అడ్డం పెట్టేసి చూస్తారు. కరోనా, అంటే సూర్యుడి చుట్టూ ఉండే పలచని వాతావరణం, సూర్యబింబం కంటే లక్షల రెట్లు మసక. ఒకప్పుడు అది కనిపించాలంటే సంపూర్ణ గ్రహణమే దిక్కు. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరులో గ్రహణం చూస్తూ, సూర్యుడి అంచున ఎగసిన జ్వాలా తోరణాల వర్ణపటం అంత ప్రకాశంగా ఉండడం గమనించి, ఇది గ్రహణం లేకుండానే దొరకాలే అనుకుని మర్నాడు మామూలు పగట్లోనే వాటిని పట్టుకున్నాడు. కానీ కరోనా అంత తేలిగ్గా లొంగలేదు. 1930ల్లో బెర్నార్డ్ లియో టెలిస్కోపు లోపలే ఒక చిన్న బిళ్ల పెట్టి సూర్యబింబాన్ని కప్పేసి, కృత్రిమ గ్రహణం తయారుచేశాడు. అదే కరోనాగ్రాఫ్. దాన్నే అంతరిక్షంలోకి పంపాక, 1971 డిసెంబరు 14న ఓఎస్ఓ-7 అనే ఉపగ్రహం మొదటిసారి ఒక సీఎంఈని స్పష్టంగా పట్టింది.

ఇప్పుడు అందరూ చూసేవి సోహో వ్యోమనౌక చిత్రాలు. 1995 డిసెంబరులో పంపారు, రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నారు, ముప్ఫై ఏళ్లు లాగించింది. దాని కరోనాగ్రాఫ్ చిత్రాలు రెండు రకాలు, ఎర్రగా ఉండేది సీ2, దగ్గరి దృశ్యం, నీలంగా ఉండేది సీ3, సూర్యుడి వ్యాసార్థానికి 30 రెట్ల దూరం దాకా. మధ్యలో కనిపించే గుండ్రటి బిళ్ల సూర్యుడు కాదు, అడ్డం పెట్టిన మూత. దాని లోపల గీసిన తెల్లటి వలయమే సూర్యుడి అసలు సైజు. సీ3లో అప్పుడప్పుడు ఒక తళతళలాడే చుక్క, దానికి అటూ ఇటూ అడ్డగీత కనిపిస్తుంది, అది గ్రహం, వెలుతురు ఎక్కువై కెమెరా సెన్సార్ పొంగిపోవడం వల్ల ఆ గీత. ఎగిరే పళ్లెం అని నాకు ఏటా ఇద్దరు ముగ్గురు పంపుతారు, ఈ ఏడాదికి చాలు. తోకచుక్కలు మాత్రం నిజంగానే ఉంటాయి, 2024 మార్చికి ఈ ఒక్క వ్యోమనౌక చిత్రాల్లో 5,000 తోకచుక్కలు దొరికాయి. వాటిలో చాలావాటిని కనిపెట్టింది ఇంట్లో కూర్చుని ఆ చిత్రాలు చూసే మామూలు జనమే.

సీఎంఈ ఒక పక్కకి పోతుంటే చిత్రంలో బల్బు ఆకారంలోనో, విసనకర్రలాగో ఆ పక్కకే ఎగదోస్తుంది. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా అది మనది కాదు. మనవైపు వచ్చేది వేరేలా ఉంటుంది, బిళ్ల చుట్టూ అన్నివైపులా ఒక పొగ వలయం సమంగా విచ్చుకుంటుంది. దీన్ని హేలో అంటారు. ఎదురుగా వచ్చే లారీ పక్కకి కదిలినట్టు కనిపించదు, పెద్దదవుతున్నట్టు కనిపిస్తుంది, అంతే సంగతి. పల్చగా ఉంటే మామూలు చిత్రంలో దొరకదు, ఒక చిత్రంలోంచి దానికి ముందుదాన్ని తీసేసి తేడా మాత్రమే చూపే వీడియోల్లో బాగా పట్టుబడుతుంది.

ఇక్కడ నా పరువు తీసిన సంగతొకటి చెప్పాలి. ఈ చిత్రాలు చూడ్డం కొత్తలో ఒక రాత్రి అచ్చమైన హేలో కనిపించింది. నిద్ర మానేసి తెలిసినవాళ్లందరికీ మెసేజ్‌లు పెట్టాను, రెండు రోజుల్లో తుపాను అని. రెండు కాదు నాలుగు రోజులైనా చీమ కుట్టినట్టు కూడా లేదు. జరిగిందేమిటంటే అది సూర్యుడి అవతలి వైపు నుంచి పేలి, మనకి వీపు చూపించి వెళ్లిపోయింది. వచ్చే లారీ అయినా పోయే లారీ అయినా కరోనాగ్రాఫ్‌లో ఒకేలా వలయంలాగే ఉంటుంది! అప్పట్నుంచి హేలో చూడగానే చేసే మొదటి పని, అదే టైమ్‌కి ఎస్‌డీఓ చిత్రాల్లో, అంటే 2010 నుంచి సూర్యబింబాన్ని రెప్పవేయకుండా చూస్తున్న వ్యోమనౌక చిత్రాల్లో, మనకి కనిపించే ముఖం మీద ఏదైనా పేలిందా అని వెతకడం. అక్కడ ఏమీ లేకపోతే వెళ్లి పడుకోవచ్చు.

ప్రశ్న: అవే ఎస్‌డీఓ చిత్రాల్లో సూర్యుడు ఒకసారి పచ్చగా, ఒకసారి బంగారు రంగులో, ఒకసారి ఎర్రగా ఉంటాడేమిటని మా పాప అడుగుతోంది.

ఆ రంగులు మనం వేసినవే. ఆ కాంతి అతినీలలోహితం, కంటికి కనిపించదు, కాబట్టి దానికి కంటికి తెలిసే రంగు లేదు. ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో ఉష్ణోగ్రత దగ్గరి ప్లాస్మాని చూపిస్తుంది కాబట్టి కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు కేటాయించారు. బంగారు రంగులో ఉండేది 171 ఆంగ్‌స్ట్రామ్‌లది, అందులో అయస్కాంత తోరణాలు బాగా తెలుస్తాయి. పాప మంచి ప్రశ్న అడిగింది, చాలామంది పెద్దవాళ్లు ఆ రంగులు నిజమనే అనుకుంటారు.

ప్రశ్న: నా దగ్గర చిన్న టెలిస్కోపు ఉంది. సౌర జ్వాల చూడొచ్చా?

ముందు జాగ్రత్త చెప్పి తర్వాత మాట్లాడతాను. ఫిల్టర్ టెలిస్కోపు ముందు మూతికి, పూర్తిగా కప్పేలా ఉండాలి. కంటి దగ్గర ఐపీస్‌కి బిగించే చిన్న సోలార్ ఫిల్టర్లు పాత టెలిస్కోపులతో వచ్చేవి, అవి ఉంటే చెత్తబుట్టలో పడేయండి. వేడికి పగిలాయంటే కన్ను పోవడానికి క్షణం చాలు.

తెల్ల కాంతి ఫిల్టర్‌తో మచ్చలు చక్కగా కనిపిస్తాయి, జ్వాలలు మాత్రం కనిపించవు. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ మచ్చల బొమ్మ గీస్తుంటే కళ్లముందే రెండు తెల్లటి వెలుగులు భగ్గుమన్నాయి, అదే సమయానికి రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే ఇంకొకాయన వేరే చోట్నుంచి అదే చూశాడు. మనుషులు చూసి నమోదు చేసిన మొదటి సౌర జ్వాల అదే. తెల్ల కాంతిలో కనిపించేంత తీవ్రమైనవి అరుదు, దాని కోసం కూర్చుంటే జీవితం చాలదు. జ్వాలలు, అంచున ఎగిసే తోరణాలు చూడాలంటే హైడ్రోజన్-ఆల్ఫా టెలిస్కోపు కావాలి, 656.28 నానోమీటర్ల దగ్గర ఒక సన్నటి ఎర్ర గీతని తప్ప మిగతా వెలుతురునంతా ఆపేస్తుంది. ఖరీదైన సరదా. అది లేకపోయినా నిరాశ అక్కర్లేదు, 2024 మేలో వచ్చిన 13664 మచ్చల గుంపు భూమి వెడల్పుకి దాదాపు 15 రెట్లు ఉండేది, గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే టెలిస్కోపు లేకుండానే నల్లటి మరకలా కనిపించింది.

ప్రశ్న: సీఎంఈ బయల్దేరాక భూమికి ఎన్ని గంటల్లో వస్తుంది? "12వ తేదీ సాయంత్రం" అని చెప్పి, 13 తెల్లారుజామున వస్తే దాన్ని అంచనా అంటారా?

అంటారు, అది మంచి అంచనా కూడా! దూరం 15 కోట్ల కిలోమీటర్లు. సెకనుకి 1,000 కిలోమీటర్ల వేగమనుకుంటే లెక్కకి 42 గంటలు, 500 అయితే మూడున్నర రోజులు. నెమ్మదివి సెకనుకి 250 కిలోమీటర్లతో బయల్దేరతాయి, మహా వేగమైనవి 3,000 దాకా. గుణకారం భాగహారం తెలిస్తే చాలనిపిస్తుంది కదా, కానీ చాలదు.

దారి ఖాళీగా లేదు. సూర్యుడి నుంచి ఎప్పుడూ సౌర పవనం వీస్తూనే ఉంటుంది, సెకనుకి 400 కిలోమీటర్లు అటూ ఇటూ. దానికంటే వేగంగా బయల్దేరిన సీఎంఈని అది వెనక్కి లాగుతుంది, నెమ్మదిగా బయల్దేరినదాన్ని తనతో పాటు తోసుకుపోతుంది. పైగా మనవైపు వచ్చేదాని వేగం కొలవడమే కష్టం, ఎందుకంటే మనకి కనిపించేది దాని వెడల్పు పెరగడమే, ముందుకి ఎంత వేగంగా వస్తోందో కాదు. పక్కనుంచి చూసే ఇంకో కన్ను ఉంటే బాగుండును. స్టీరియో వ్యోమనౌకలు 2006లో పంపింది అందుకే.

ఈ లెక్కలన్నీ వేసే కంప్యూటర్ నమూనాకి ఎన్‌లిల్ అని పేరు, సుమేరియన్ల వాయుదేవుడి పేరు. ఆ దేవుడు చెప్పినా సగటున పది గంటలు అటూ ఇటూ అవుతుంది. ఒకదాని వెనక ఒకటి రెండు మూడు బయల్దేరితే మరీ చిక్కు, ముందు వెళ్లింది దారి ఊడ్చి పెడుతుంది, వెనకది ఆ దారిలో దూసుకొచ్చేస్తుంది. 1972 ఆగస్టులో అలాగే ఒకటి 14.6 గంటల్లో వచ్చేసింది, ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. ఆ తుపానుకి ఉత్తర వియత్నాం తీరంలో నీళ్లలో పెట్టిన అయస్కాంత మందుపాతరలు, ఏదో ఓడ వచ్చిందనుకుని వాటంతటవే పేలిపోయాయి.

ప్రశ్న: తుపాను తీవ్రత ముందే ఎందుకు చెప్పలేరు? బీజెడ్, బీజెడ్ అంటూ ఉంటారు, అదేంటి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

భూమికి అయస్కాంత క్షేత్రం ఉంది, అదే మనకి గొడుగు. సూర్యుడి వైపు ఆ గొడుగు అంచున క్షేత్రం ఉత్తరం వైపు చూస్తూ ఉంటుంది. వచ్చే సీఎంఈ కూడా తనతో క్షేత్రం తెస్తుంది. అది కూడా ఉత్తరం వైపే ఉంటే రెండూ ఒకే దిశ, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, సీఎంఈ ఎంత పెద్దదైనా చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. దక్షిణం వైపు ఉంటే మాత్రం ఎదురెదురు గీతలు తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, గొడుగుకి కన్నం పడినట్టే, సౌర పవనంలోని శక్తి లోపలికి దూరడం మొదలవుతుంది. ఆ ఉత్తర-దక్షిణ భాగాన్నే బీజెడ్ అంటారు. ప్లస్ ఉంటే తలుపు వేసి ఉంది, మైనస్ ఉంటే తీసి ఉంది, మైనస్ ఎంత లోతుకి పోతే తలుపు అంత బార్లా తెరిచినట్టు. మామూలు రోజుల్లో ఈ క్షేత్రం మొత్తం 5 నానోటెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) చుట్టూ ఉంటుంది. బీజెడ్ గంటల తరబడి మైనస్ 10 దగ్గర నిలిస్తే తుపాను ఖాయం. 2024 మే 10న మైనస్ 50 దాకా పడింది.

చిక్కేమిటంటే సీఎంఈ సూర్యుడి దగ్గర బయల్దేరినప్పుడు దాని బీజెడ్ ఎటుందో దూరం నుంచి కొలిచే సాధనం మన దగ్గర లేదు. చిత్రంలో పొగ కనిపిస్తుంది, దాని లోపలి అయస్కాంతం కనిపించదు. అది వచ్చి పరికరానికి తగిలితేనే తెలుస్తుంది. ఆ పరికరాలు ఉన్నది ఎల్1 దగ్గర, భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. 1997లో పంపిన ఏస్, 2015లో పంపిన డిస్కవర్ అక్కడే ఉన్నాయి. 2023 సెప్టెంబరు 2న ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలోకి చేరింది, దానిలో కరోనాగ్రాఫూ ఉంది, వచ్చే కణాలనీ అయస్కాంతాన్నీ అక్కడికక్కడే కొలిచే సాధనాలూ ఉన్నాయి. అంటే పేలడం చూసేదీ, తగిలినప్పుడు కొలిచేదీ ఒకే చోట.

15 లక్షల కిలోమీటర్లంటే చాలా అనిపిస్తుంది, కానీ సెకనుకి 500 కిలోమీటర్లతో వచ్చేదానికి 50 నిమిషాలు, 1,000 అయితే 25. మూడు రోజులు వెంటపడి చూశాక కూడా, అది కాటేస్తుందా, బుసకొట్టి పోతుందా అన్నది తేలేది ఆ చివరి అరగంటలో. అంతరిక్ష వాతావరణ కేంద్రాల వాళ్లు హెచ్చరికల్లో "వచ్చే అవకాశం ఉంది" అని నసుగుతారని ఒకాయన విసుక్కున్నారు, నాకు మాత్రం ఆ నసుగుడులోనే నిజాయితీ కనిపిస్తుంది. పక్కాగా చెప్పేవాళ్లనే నమ్మొద్దు.

ప్రశ్న: తుపాను రోజు దిక్సూచి గిర్రున తిరుగుతుందా?

తిరగదండీ. 2024 మే నాటి మహా తుపానులో భూమధ్యరేఖ ప్రాంతాల్లో అయస్కాంత క్షేత్రం తగ్గింది 400 నానోటెస్లాల చుట్టూ, అక్కడ భూమి క్షేత్రం 30,000 నానోటెస్లాలకి పైనే. నూటికి ఒకటిన్నర వంతు కూడా కాదు. మీ ఫోన్‌లోని దిక్సూచిని పక్కనున్న ఇనప బీరువా అంతకంటే ఎక్కువ తికమక పెడుతుంది.

ప్రశ్న: ఇంటర్నెట్ నెలల తరబడి పోతుందని, ఫోన్లు కాలిపోతాయని వీడియోలు తిరుగుతున్నాయి. ఎంతవరకు నిజం?

ఫోన్లు కాలిపోవు. తుపాను వల్ల నేలలో పుట్టే కరెంటు పారాలంటే వందల కిలోమీటర్ల తీగ కావాలి, మీ జేబులో అంత తీగ లేదు.

పొడవైన తీగలున్నవాళ్లకి మాత్రం నిజంగానే కష్టం. 1859లో కారింగ్టన్ చూసిన జ్వాల వెనకే వచ్చిన మహా తుపానుకి దొరికినవి టెలిగ్రాఫ్ తీగలు, అప్పుడు అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లాండ్ ఆపరేటర్లు బ్యాటరీలు తీసేసి, ఆకాశం ఇచ్చిన కరెంటుతోనే కాసేపు సందేశాలు పంపుకున్నారు. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో గ్రిడ్ మొత్తం 90 సెకన్లలో కుప్పకూలి 60 లక్షల మందికి 9 గంటల పాటు కరెంటు పోయింది. అక్కడ కింద ఉన్నది కరెంటుని సరిగా పారనివ్వని గట్టి రాయి, దాంతో నేలలోకి పోవాల్సింది తీగల్లోకి ఎక్కింది, మెల్లగా మారే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లకి పడదు.

ఎక్కువసార్లు జరిగేవి ఇంతకంటే చిన్నవి, వార్తల్లోకి కూడా రావు. జీపీఎస్ సిగ్నల్ అయనావరణం దాటి రావాలి, అది అల్లకల్లోలంగా ఉంటే స్థానం తప్పు చూపిస్తుంది. 2024 మేలో అమెరికాలో సరిగ్గా నాట్ల సమయంలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు ఆపుకోవాల్సి వచ్చింది. ధ్రువాల మీదుగా పోయే విమానాలు రేడియో సరిగా పలకదని దారి మార్చుకుంటాయి. 2022 ఫిబ్రవరి 3న స్టార్‌లింక్ 49 ఉపగ్రహాలు పంపితే 40 దాకా కాలి రాలిపోయాయి. అది మహా తుపానేం కాదు, చిన్నరకం. కానీ తుపానుకి పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, అవేమో సుమారు 210 కిలోమీటర్ల ఎత్తులోనే ఉన్నాయి, ఆ గాలి రాపిడికి పైకి ఎక్కలేకపోయాయి. చిన్న తుపాను కూడా తప్పు సమయంలో తగిలితే ఇలా ఉంటుంది. ఇక నెలల తరబడి ఇంటర్నెట్ పోవడం ఇంతవరకు ఏ తుపానుకీ జరగలేదు.

ప్రశ్న: తుపాను రోజుల్లో తలనొప్పి, నిద్రలేమి ఎక్కువవుతాయట కదా?

నేల మీదున్నవాళ్లకి వాతావరణం దాదాపు పది మీటర్ల మందపు నీటితో సమానమైన రక్షణ. సూర్యుడి నుంచి వచ్చే కణాలు మన దాకా రావు. జాగ్రత్త పడాల్సింది వ్యోమగాములు. నిద్రలేమి మాత్రం నిజమే, నాలాగా తెల్లార్లూ బీజెడ్ గ్రాఫు చూస్తూ కూర్చుంటే!

ప్రశ్న: రోజూ చూడాలంటే ఏది ముందు, ఏది తర్వాత చూడాలి? పేజీ తెరిస్తే పాతిక గ్రాఫులు, బుర్ర తిరుగుతోంది.

నేను చూసే వరస చెప్తాను, మీకు నచ్చితే పాటించండి. ముందు ఎస్‌డీఓ బింబం, మచ్చలు ఎక్కడున్నాయో. మధ్యలో, కాస్త కుడివైపుకి ఉన్న గుంపుల మీద కన్నేసి ఉంచాలి, ఎడమ అంచున ఇప్పుడే తొంగి చూసేవాటి సీఎంఈలు మనకి తగిలేది తక్కువ. తర్వాత గోస్ ఎక్స్-రే గ్రాఫు, దానిలో నిటారుగా లేచి మెల్లగా వాలే శిఖరం కనిపిస్తే జ్వాల. వాలడానికి గంటలు పడితే చెవులు నిక్కబొడుచుకోవాలి, సీఎంఈతో వచ్చేవి ఎక్కువగా అలాంటి నిదానస్తులే. అప్పుడు కరోనాగ్రాఫ్. కొత్త చిత్రాలు రావడానికి గంటో రెండు గంటలో పట్టొచ్చు, ఓపిక పట్టాలి. ఒక్కోసారి ఆ చిత్రాల నిండా పాత టీవీలో సిగ్నల్ పోయినప్పటిలా తెల్ల చుక్కలు కురుస్తాయి. అది పాడైపోవడం కాదు, జ్వాలతో పాటు బయల్దేరిన ప్రోటాన్లు కాంతి వేగానికి దగ్గరగా వచ్చి కెమెరాకి తగులుతున్నాయి.

రెండు మూడు రోజులు ఆగి ఎల్1 గ్రాఫులు. వేగం, సాంద్రత, క్షేత్రం మూడూ ఒక్కసారి మెట్టెక్కినట్టు లేస్తే వచ్చేసిందన్నమాట. ఇక బీజెడ్ తప్ప ఇంకేమీ చూడక్కర్లేదు. కేపీ సూచిక చివర్లో చూస్తే చాలు, అది భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కదిలిందో 13 చోట్ల కొలిచి మూడు గంటలకోసారి ఇచ్చే సగటు, 0 నుంచి 9 వరకు. 5 అంటే జీ1, తుపానుల్లో చిన్నరకం, 9 అంటే జీ5, అన్నిటికంటే తీవ్రమైనది. జరిగిపోయినదాని లెక్కే తప్ప రాబోయేది కాదు. టైమ్‌లన్నీ యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, ఉంటాయి, మీరున్న చోటి గడియారానికి మార్చుకోవడం మర్చిపోకండి, నిన్నటి తుపాను కోసం ఇవాళ ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు.

ప్రశ్న: రేడియో నా సరదా. నేనేమైనా కొలవగలనా?

భేషుగ్గా. సముద్రంలో జలాంతర్గాములతో మాట్లాడడానికి కొన్ని దేశాలు చాలా తక్కువ పౌనఃపున్యంలో, 15 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య, ఎప్పుడూ సిగ్నల్ పంపుతూ ఉంటాయి. అది అయనావరణం అడుగు పొరని తగిలి వస్తుంది. తీగ చుట్టిన ఒక పెద్ద చట్రం, చిన్న యాంప్లిఫయర్, కంప్యూటర్ సౌండ్ కార్డు ఉంటే ఆ సిగ్నల్ బలాన్ని రోజంతా గీయొచ్చు. పగలు జ్వాల వచ్చిందంటే గీత ఒక్కసారి ఎగురుతుంది, కొన్నిసార్లు పడుతుంది, తర్వాత మెల్లగా మామూలవుతుంది. మీ గీతని గోస్ గ్రాఫు పక్కన పెట్టి చూస్తే రెండు గీతలూ ఒకే నిమిషంలో కదిలినట్టు కనిపిస్తుంది. మబ్బు పట్టినా ఆగదు ఇది, టెలిస్కోపు వాళ్లకి లేని సుఖం.

ప్రశ్న: కారింగ్టన్ నాటిదే అన్నిటికంటే పెద్దదా?

పరికరాలు చూసినవాటిలో పెద్దవాటి వరసలో ముందుంటుంది. చెట్లు ఇంకా పెద్దదాన్ని చూశాయి. క్రీ.శ. 774-775 ప్రాంతంలో చెట్ల వలయాల్లో కార్బన్-14, అంటే కణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే రకం కార్బన్, ఉన్నట్టుండి పెరిగినట్టు జపాన్‌లో ఫుసా మియాకే బృందం 2012లో బయటపెట్టింది, అంత కణాల వాన ఆధునిక కాలంలో ఎవరూ చూడలేదు. అదే 2012లో జులై 23న కారింగ్టన్ స్థాయి సీఎంఈ ఒకటి భూ కక్ష్యని దాటిపోయింది. అప్పుడు ఆ చోట భూమి లేదు, స్టీరియో-ఏ ఉంది. ఆ వ్యోమనౌక దెబ్బ తిని కూడా కొలతలు పంపింది. వారం ముందు పేలి ఉంటే మనకే తగిలేది.

ప్రశ్న: 2024 మేలో అంత గొడవ చేసిన 13664 గుంపు సూర్యుడి అవతలికి వెళ్లిపోయింది కదా. తర్వాత ఏమైంది?

మళ్లీ వచ్చింది, పేరు మార్చుకుని! మనకి కనిపించే లెక్కలో సూర్యుడు దాదాపు 27 రోజులకి ఒక చుట్టు తిరుగుతాడు, అవతలికి వెళ్లిన గుంపు బతికుంటే రెండు వారాలకి ఎడమ అంచున తేలుతుంది, కానీ వచ్చిన ప్రతిసారీ కొత్త నెంబరు ఇస్తారు. దానికి 13697 అని ఇచ్చారు, తేలుతూనే మే 27న ఎక్స్ 2.8 విసిరింది. అవతల ఉన్నప్పుడూ ఊరికే లేదు. మే 20న అక్కడ ఒక జ్వాల పేలింది, ఆ వైపు చూస్తున్న సోలార్ ఆర్బిటర్ వ్యోమనౌక కొలతల్ని బట్టి అది ఎక్స్ 12 అని అంచనా, అంటే మీరందరూ ఉత్తరాలు రాసిన ఎక్స్ 9 కంటే పెద్దది. దాని గురించి ఈ శీర్షికకి ఒక్క ఉత్తరం కూడా రాలేదు.